అద్దె ఇంటి అప్పగింత పత్రం

పెళ్ళివారికి వంటపాత్రలు అద్దెకు ఇచ్చే దుకాణదారు తన సామానును ఊరికే బండి ఎక్కించడు. గంగాళాలు ఎన్ని, బేసిన్లు ఎన్ని, గరిటెలు ఎన్ని అని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చీటీ వ్రాస్తాడు. అప్పటికే సొట్టపడిన పాత్ర ఉన్నట్లయితే పుచ్చుకొనేవారే దానిని ఎత్తి చూపి, ఆ సొట్ట తమది కాదని ముందుగానే చెబుతారు. సామాను తిరిగి వచ్చినప్పుడు అదే చీటీని ముందు పెట్టుకొని ఉభయులూ సరిచూసుకుంటారు. తగవు పుట్టినా అది పది నిమిషాలలో తీరిపోతుంది. రెండు రోజుల కోసం తీసుకొనే పాత్రల విషయంలో ఇంత జాగ్రత్త పాటించేవారు కూడా, సంవత్సరాల తరబడి నివసించబోయే ఇంటి విషయంలో సాధారణంగా ఏ చీటీ వ్రాసుకోరు. తాళంచెవి చేతులు మారుతుంది. అడ్వాన్సు సొమ్ము చేతులు మారుతుంది. ఇల్లు ఏ స్థితిలో చేతులు మారిందో మాత్రం ఎక్కడా నమోదు కాదు.

ఈ లోపం ఇల్లు ఖాళీ చేసే రోజున బయటపడుతుంది. పడకగది గోడమీద చెమ్మ మరక కనిపిస్తుంది. తాను వచ్చేనాటికే అది ఉన్నదని అద్దెదారు అంటాడు. లేదని యజమాని అంటాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడకపోవచ్చు. మూడేళ్ళ క్రిందట సామాను దించుకొనే హడావిడిలో ఒకరు చూసినదీ, మరొకరు చూడనిదీ ఇప్పుడు జ్ఞాపకం మీద ఆధారపడి తేలవలసి వస్తుంది. సొమ్ము యజమాని చేతిలో ఉన్నది కావున అనుమానం వచ్చిన ప్రతి సందర్భంలోను నష్టం అద్దెదారు వైపే మొగ్గుతుంది. ఇంటి స్థితిని తొలిరోజుననే వ్రాసి ఉభయులూ సంతకాలు చేసుకొనే చిన్న పత్రం ఈ తగవును మొదటనే నివారించగలదు. దానిని అప్పగింత పత్రం అనవచ్చు.

అడ్వాన్సు – ఊరికొక ఆనవాయితీ

2011 జనగణన ప్రకారం దేశంలోని పట్టణ కుటుంబాలలో 27.5 శాతం అద్దె ఇళ్ళలో నివసిస్తున్నవి. చదువు కోసం, ఉద్యోగం కోసం, బదిలీల మీద ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి వెళ్ళే ప్రతి కుటుంబమూ కొత్త ఊరిలో మొదట వెదికేది అద్దె ఇంటినే. ఆ ఇల్లు దొరికిన మరుక్షణం చెల్లించవలసినది అడ్వాన్సు. అద్దె బకాయి పడినా, ఇంటికి నష్టం కలిగినా యజమానికి హామీగా ఉండటానికి ఇచ్చే సొమ్ము ఇది. అద్దె వలె ఖర్చయిపోయేది కాదు; తిరిగి రావలసిన సొమ్ము.

దీని పరిమాణం ఊరూరికీ మారుతుంది. హైదరాబాదులో రెండు మూడు నెలల అద్దెను అడ్వాన్సుగా పుచ్చుకోవడం పరిపాటి. బెంగళూరులో పది నెలల అద్దె వరకు అడగడం చిరకాల ఆనవాయితీ. చెన్నైలోను ఇటువంటి అలవాటే బలంగా ఉండేది. తమిళనాడు ప్రభుత్వం 2017లో చేసి, 2019లో అమలులోకి తెచ్చిన చట్టం, వేరుగా ఒప్పందం లేని పక్షంలో అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించరాదని నిర్దేశించింది.

అనంతపురం నుండి బెంగళూరుకు వెళ్ళిన ఒక చిరుద్యోగిని ఊహించుకుంటే ఈ సొమ్ము బరువు తెలుస్తుంది. నెలకు 15,000 రూపాయల అద్దె అయితే పది నెలల అడ్వాన్సు 1,50,000 రూపాయలు. జీతం 40,000 రూపాయలు అనుకుంటే అది దాదాపు నాలుగు నెలల సంపాదన. చాలా కుటుంబాలు ఈ మొత్తాన్ని బంగారం తాకట్టుపెట్టి గాని, బంధువుల వద్ద చేబదులు తీసుకొని గాని సమకూర్చుకుంటవి. ఇల్లు మారే సమయంలో పాత ఇంటి అడ్వాన్సు చేతికి వస్తేనే కొత్త ఇంటి అడ్వాన్సు చెల్లించడం సాధ్యమవుతుంది. అటువంటప్పుడు రంగుల పేరిట, మరమ్మతుల పేరిట ఇరవై ముప్పై వేలు కోతపడితే ఆ కుటుంబం మళ్ళీ అప్పుకు పోవలసిందే.

పరాయి ఊరిలో మరొక ఇబ్బంది కూడా ఉన్నది. సొంత ఊరిలో అయితే ఇంటిని చూసి ఎరిగిన ఇరుగుపొరుగు ఉంటారు. మధ్యవర్తిగా నిలిచే పెద్దమనిషి ఉంటాడు. యజమాని ఒక భాష, అద్దెదారు మరొక భాష మాట్లాడే చోట ఆ ఆసరా ఉండదు. అక్కడ నోటి మాట నీటి మూటే. వ్రాతకు విలువ పెరిగేది సరిగా ఇటువంటి చోటనే.

చట్టం కొలబద్ద

అద్దె ఇళ్ళ విషయంలో దేశమంతటా మూలాధారంగా నిలిచినది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. అందులోని 108వ సెక్షన్ యజమాని, అద్దెదారుల హక్కులను, బాధ్యతలను వరుసగా చెబుతుంది. వాటిలో ‘ఎం’ ఉపఖండం అడ్వాన్సు తగాదాలకు గుండెకాయ వంటిది. అద్దెదారు ఆస్తిని స్వాధీనం చేసుకొన్ననాడు అది ఎంత మంచి స్థితిలో ఉన్నదో అంత మంచి స్థితిలో నిలిపి ఉంచి, గడువు ముగిసినప్పుడు అదే స్థితిలో తిరిగి అప్పగించాలి. సహజమైన వాడకం వలన కలిగే అరుగుదల, తరుగుదల దీనికి మినహాయింపు. తుఫాను, వరద, భూకంపం వంటి మానవుడు నిరోధించలేని శక్తుల వలన కలిగిన మార్పులు కూడా మినహాయింపే.

ఈ నియమాన్ని జాగ్రత్తగా పరిశీలించవలసి ఉన్నది. చట్టం ఇంటిని కొత్తదిగా తిరిగి ఇమ్మని అనడం లేదు. పుచ్చుకొన్ననాటి స్థితిలో ఇమ్మంటున్నది. అనగా కొలబద్ద తొలినాటి స్థితి. అయితే ఆ స్థితి ఏమిటో చట్టం వ్రాసి ఉంచదు. దానిని నమోదు చేసుకోవడం ఉభయుల పని. వారు ఆ పని చేయకపోతే చట్టం ఇచ్చిన కొలబద్ద మీద గీతలు లేనట్లే.

సహజమైన అరుగుదలకు, అజాగ్రత్త వలన కలిగిన నష్టానికి నడుమ ఉన్న తేడాను కొన్ని ఉదాహరణలతో గ్రహించవచ్చు. ఎండ తగిలే గోడమీద రంగు వెలిసిపోవడం అరుగుదల. పిల్లలు రంగుబలపాలతో గోడనిండా బొమ్మలు గీయడం నష్టం. రోజూ నడిచే గడప వద్ద గచ్చు నునుపు తేలడం అరుగుదల. రుబ్బురోలు పడి నాపరాయి పగలడం నష్టం. బోరునీటిలోని సున్నం వలన కుళాయిల మీద తెల్లని పొర కట్టడం చాలావరకు అరుగుదలే. కుళాయి మెడ విరగడం నష్టం. వానాకాలంలో తలుపు ఉబ్బి బిగుసుకోవడం కొయ్య స్వభావం. గొళ్ళెం ఊడివచ్చేటట్లు తలుపును గుద్దడం మనిషి స్వభావం. మొదటి తరహా మార్పులకు అడ్వాన్సులో కోత విధించడం సమంజసం కాదు. రెండవ తరహా నష్టాలకు చెల్లించకపోవడమూ సమంజసం కాదు.

అదే సెక్షన్ యజమాని మీద కూడా బాధ్యతలు ఉంచింది. ఇంటిలో ఉన్న ముఖ్యమైన లోపం తనకు తెలిసి ఉండి, అద్దెదారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిది అయితే యజమాని దానిని ముందే తెలియజేయాలి. తాను చేయించవలసిన మరమ్మతులను, నోటీసు ఇచ్చిన తరువాత కూడా సబబైన వ్యవధిలో చేయించకపోతే, అద్దెదారు వాటిని తానే చేయించుకొని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు.

ఈ నియమాలన్నీ వేరుగా ఒప్పందం గాని, స్థానికాచారం గాని లేనప్పుడు వర్తించేవి. బెంగళూరు వంటి చోట్ల, ఖాళీ చేసేటప్పుడు రంగుల కోసం ఒక నెల అద్దెను మినహాయించుకొనే షరతు ఒప్పంద పత్రాలలో తరచుగా కనిపిస్తుంది. అట్టి షరతుకు సంతకం చేసిన తరువాత చట్టంలోని సాధారణ నియమాన్ని ఎత్తి చూపడం కష్టం. కావున సంతకానికి ముందు ప్రతి షరతునూ చదవడం, చదవలేని లిపిలో ఉంటే నమ్మకమైన వారిచేత చదివించుకొని వినడం అవసరం.

ఎవరి మరమ్మతు ఎవరిది?

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. రాష్ట్రాలు దీనిని ఆదర్శంగా తీసుకొని తమ చట్టాలను చేసుకొనడానికి గాని, ఉన్నవాటిని సవరించుకొనడానికి గాని ఉద్దేశించినది ఇది. రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అక్కడ అమలులోకి వస్తుంది. నివాసగృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు, ఇతర కట్టడాలకు ఆరు నెలల అద్దెకు మించరాదని ఈ నమూనా సూచించింది. యజమాని ఇంటిని ఖాళీగా స్వాధీనం చేసుకొనే సమయంలోనే, అద్దెదారు బాకీ ఏమైనా ఉంటే మినహాయించుకొని, మిగిలిన సొమ్మును తిరిగి ఇవ్వాలని కూడా చెప్పింది.

నమూనా చట్టంలోని రెండవ షెడ్యూలు మరమ్మతులను ఉభయుల మధ్య పంచింది. ఇది ఏ రాష్ట్రంలోని వారికైనా మార్గదర్శకంగా ఉపకరిస్తుంది. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, గోడలకు వెల్లవేయడం, తలుపులకు కిటికీలకు రంగు వేయడం, అవసరమైనప్పుడు నీటిగొట్టాలు మార్చడం, విద్యుత్తు తీగల పని యజమాని వంతు. అద్దెదారు కలిగించిన నష్టం వలన అవసరమైన కట్టడపు మరమ్మతు మాత్రం యజమాని మీద పడదు. కుళాయిలు, వాటి వాషర్లు మార్చడం, మోరీలు శుభ్రపరచడం, మరుగుదొడ్డి, చేతులు కడిగే తొట్టి బాగుచేయించడం, స్విచ్చులు, ప్లగ్గులు, గీజరు మరమ్మతు, తలుపుల పిడులు, తాళాలు, దోమతెరలు, కిటికీ అద్దాలు మార్చడం అద్దెదారు వంతు.

ఈ పంపకాన్ని చూసిన వెంటనే ఒక సంగతి స్ఫురిస్తుంది. అద్దెదారు వంతున పడిన వస్తువులు చిన్నవి, త్వరగా పాడయ్యేవి, సంఖ్యలో ఎక్కువ. ఇల్లు పుచ్చుకొన్ననాడే కిటికీ అద్దం పగిలి ఉంటే, గీజరు పనిచేయకపోతే, ఆ సంగతి నమోదు కాని పక్షంలో ఆ ఖర్చు న్యాయంగా తనది కాకపోయినా అద్దెదారు మీదికి వస్తుంది. కావున అప్పగింత పత్రంలో పెద్ద గోడలకంటె ఈ చిన్న వస్తువులే ఎక్కువ చోటు ఆక్రమించాలి.

పత్రం వ్రాసే పద్ధతి

అప్పగింత పత్రానికి నిర్ణీతమైన నమూనా ఏదీ అవసరం లేదు. రెవిన్యూ, పోలీసు శాఖలవారు వ్రాసే పంచనామా ఎటువంటిదో ఇదీ అటువంటిదే. చూసినదానిని చూసినట్లు, చూసిన చోటనే, చూసినవారి సమక్షంలో వ్రాయడం దీని సారం.

సామాను దించకముందే, ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు, పగటి వెలుతురులో ఈ పని చేయాలి. బీరువా జరిపిన తరువాత దాని వెనుక గోడ ఎవరికీ కనిపించదు. యజమాని గాని, అతని తరఫు మనిషి గాని వెంట ఉండాలి. వీధి గుమ్మంతో మొదలుపెట్టి, ఎడమచేతి వైపుగా తిరుగుతూ, ఒక గది పూర్తి అయిన తరువాతనే మరొక గదికి వెళ్ళితే ఏదీ తప్పిపోదు. ప్రతి గదిలోను పైకప్పు, నాలుగు గోడలు, నేల, తలుపులు, కిటికీలు, విద్యుత్తు పరికరాలు అనే వరుసను పాటించాలి.

వ్రాసే మాటలు కొలతకు అందేవి కావాలి. ‘గోడ బాగాలేదు’ అంటే అర్థం లేదు. ‘తూర్పు గోడ, కిటికీకి క్రింద, నేల నుండి రెండు అడుగుల ఎత్తు వరకు చెమ్మ, పెచ్చులు ఊడినవి’ అంటే ఎవరు చదివినా గోడ కళ్ళకు కడుతుంది. ‘వంటగది గట్టు రాయి, కుడి మూల, నాలుగు అంగుళాల పగులు’. ‘హాలులో మేకుల రంధ్రాలు ఏడు’. ‘స్నానాలగది తలుపు అడుగున చెక్క చీకినది’. ‘పడకగది కిటికీ అద్దం ఒకటి లేదు’ – ఈ విధంగా ఒక్కొక్క లోపానికి ఒక్కొక్క వాక్యం చాలు. బాగున్నవాటిని కూడా బాగున్నవని వ్రాయాలి. అప్పుడే పత్రం ఫిర్యాదుల పట్టికగా గాక నిజమైన సాక్ష్యంగా నిలుస్తుంది. యజమాని కూడా నిస్సంకోచంగా సంతకం చేస్తాడు.

కంటితో చూడటంతోనే సరిపోదు, చేతితో పరీక్షించాలి. ప్రతి కుళాయినీ త్రిప్పి నీటి ధార ఎట్లా ఉన్నదో, కట్టిన తరువాత కారుతున్నదో లేదో చూడాలి. సింకులోను, స్నానాలగదిలోను బకెట్టెడు నీళ్ళు పోసి తూములోకి ఎంతసేపటిలో పోతున్నవో గమనించాలి. ప్రతి స్విచ్చినీ వేసి చూడాలి. ప్రతి తలుపునూ మూసి గడియ పడుతున్నదో లేదో చూడాలి. అలమర అడుగున, ద్వారబంధాల మూలలలో చెదపుట్ట జాడలు ఉన్నవేమో వెదకాలి. మేడ మీది వాటా అయితే పైకప్పు మీద పాత ఉరుపుల మరకలు తప్పక నమోదు చేయాలి; వాన కురిసినప్పుడు అవే మొదట మాట్లాడుతవి.

దీనితోపాటు నాలుగు అంశాలు మరచిపోరాదు. మొదటిది, విద్యుత్తు మీటరు సంఖ్య, ఆనాటి రీడింగు. నీటి మీటరు ఉంటే దానిదీ. పాత అద్దెదారు బకాయి కొత్తవారి మీద పడకుండా ఇది కాపాడుతుంది. రెండవది, ఇచ్చిన తాళంచెవుల సంఖ్య. మూడవది, యజమాని వదలి ఉంచిన వస్తువుల జాబితా – పంఖాలు, దీపాలు, గీజరు, మంచాలు – వాటి తయారీ పేరు, స్థితితో సహా. నాల్గవది, ఇంటికి చివరిసారి రంగులు ఎప్పుడు వేశారన్న సంగతి. ఈ చివరి అంశాన్ని దాదాపు ఎవరూ వ్రాయరు. లెక్క తేల్చేటప్పుడు అన్నింటికంటె ఎక్కువగా పనికివచ్చేది అదే.

పత్రం రెండు ప్రతులుగా ఉండాలి. తేదీ వేసి, ప్రతి పుట అడుగున ఉభయులూ సంతకం చేసి, వీలైతే ఇద్దరు సాక్షులచేత కూడా చేయించాలి. దానిని అద్దె ఒప్పందానికి అనుబంధంగా జతపరచి, ఒప్పందంలో ఆ సంగతి ఒక వాక్యంగా చేర్చడం మంచిది. యజమాని, అద్దెదారు వేర్వేరు భాషలవారైతే రెండు భాషలలోను వ్రాయవచ్చు. అది కుదరకపోతే ఇంటి పటం ఒకటి చేతితో గీసి, లోపం ఉన్నచోట అంకె వేసి, ఆ అంకెల వరుసలో మాటలు వ్రాస్తే సరిపోతుంది. గోడ పగులును చూపే గీతకు అనువాదం అవసరం లేదు.

ఛాయాచిత్రాల విలువ

చేతిలో ఫోను ఉన్న ఈ రోజులలో ఇంటి ఛాయాచిత్రాలు తీయడం సులభం. అయితే నూరు చిత్రాలు తీసి మరచిపోవడం కంటె ముప్పై చిత్రాలు క్రమపద్ధతిలో తీయడం మేలు. ఒక్కొక్క గదిని ముందు దూరం నుండి, తరువాత లోపం ఉన్నచోటును దగ్గర నుండి తీయాలి. దగ్గరి చిత్రంలో ఒక స్కేలు గాని, నాణెం గాని ప్రక్కన ఉంచితే పగులు పరిమాణం తెలుస్తుంది. దూరపు చిత్రం లేని దగ్గరి చిత్రం ఏ ఇంటి గోడదో ఎవరూ చెప్పలేరు.

తీసిన చిత్రాలను ఆరోజే యజమానికి ఈ-మెయిలు ద్వారా గాని, వాట్సాప్ ద్వారా గాని పంపి, ‘ఈనాటి ఇంటి స్థితి ఇది’ అని ఒక వాక్యం జతచేయాలి. ఆ సందేశం వలన చిత్రానికి తేదీ ఏర్పడుతుంది. యజమానికి తెలిసినదనడానికి ఆధారమూ ఏర్పడుతుంది. మూలచిత్రాలను ఫోనులోనే ఉంచక మరొకచోట కూడా భద్రపరచాలి. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం, ఇటువంటి ఎలక్ట్రానిక్ ఆధారాలను న్యాయస్థానంలో దాఖలు చేసేటప్పుడు నిర్ణీత రూపంలో ధ్రువపత్రం జతపరచవలసి ఉంటుంది. ఛాయాచిత్రం వ్రాతకు తోడు మాత్రమే. ఉభయుల సంతకాలు గల పత్రానికి అది ప్రత్యామ్నాయం కాజాలదు.

నివాస కాలంలో

అప్పగింత పత్రం తొలిరోజు మాట. ఆ తరువాత ఇంటిలో కలిగే మార్పులను కూడా ఎప్పటికప్పుడు తెలియజేస్తూ ఉండాలి. పైకప్పు ఉరిసిన రోజుననే యజమానికి వ్రాతపూర్వకంగా తెలిపి, చిత్రం పంపాలి. ఉరుపు యజమాని మరమ్మతు అయినప్పటికీ, తెలపకుండా ఊరుకున్నందువలన అది పెరిగితే నింద అద్దెదారు మీదికి వస్తుంది. అద్దెదారు తన ఖర్చుతో చేయించిన పనులకు రసీదులు దాచుకోవాలి. గోడకు అలమర బిగించడం, మరొక పంఖా అమర్చడం వంటి మార్పులకు ముందుగా అనుమతి పొంది, ఆ అనుమతిని కాగితం మీద ఉంచుకోవాలి.

ఖాళీ చేసే రోజు

ఇల్లు వదలడానికి వారం పది రోజుల ముందు ఉభయులూ అప్పగింత పత్రం పట్టుకొని ఇంటిని మరొకసారి తిరిగి చూడటం ఉత్తమం. లోపాలు బయటపడితే అద్దెదారు వాటిని తానే తక్కువ ఖర్చులో బాగుచేయించుకొనే వ్యవధి ఉంటుంది. సామాను తరలించిన తరువాత, ఖాళీ ఇంటిలో, తుది పరిశీలన జరగాలి. తొలిపత్రంలోని వరుసలోనే ప్రతి అంశానికి ఎదురుగా నేటి స్థితిని వ్రాస్తే తేడా దానంతట అదే కనిపిస్తుంది. తాళంచెవులు ఎన్ని తిరిగి ఇచ్చారో, మీటరు రీడింగు ఎంతో వ్రాసి, మళ్ళీ సంతకాలు చేసుకోవాలి.

నష్టం ఉన్నదని తేలినప్పుడు ఎంత సొమ్ము మినహాయించాలన్నది తరువాతి ప్రశ్న. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 73వ సెక్షన్ మూలసూత్రం, వాస్తవంగా కలిగిన నష్టానికే పరిహారమని. పాతదానికి బదులు కొత్తది సంపాదించుకొనే అవకాశం కాదది. ఒక హాలుకు రంగు వేయడానికి 12,000 రూపాయలు అవుతుందని, ఆ రంగు మామూలుగా ఐదేళ్ళు నిలుస్తుందని ఉభయులూ అంగీకరించారని అనుకుందాం. అద్దెదారు వచ్చిననాడే రంగు కొత్తది. మూడేళ్ళ తరువాత ఖాళీ చేసేనాటికి పిల్లల గీతలతో గోడ పాడైనది. అప్పటికి రంగు ఆయుష్షులో ఐదింట మూడు వంతులు గడచిపోయింది. మిగిలిన రెండు వంతుల విలువ, అనగా 4,800 రూపాయలు, న్యాయమైన మినహాయింపు. అద్దెదారు వచ్చేనాటికే ఆ రంగు వేసి రెండేళ్ళు అయి ఉంటే ఐదేళ్ళూ నిండినట్లే. గీతలు ఉన్నా లేకపోయినా యజమాని రంగు వేయించవలసినదే కావున మినహాయింపు ఏమీ ఉండదు. పత్రమే లేని పక్షంలో కోరే మొత్తం 12,000 రూపాయలు. ‘చివరిసారి రంగు వేసిన తేదీ’ అనే ఒక్క పంక్తి విలువ ఇంత.

మినహాయింపు ఏదైనా అంశాలవారీగా, బిల్లులతో సహా చూపమని కోరడం అద్దెదారు చేయదగిన సహజమైన పని. లెక్క తేలిన సొమ్ము మినహా మిగిలినది తాళంచెవులతోపాటే చేతులు మారడం ఆదర్శం.

తగవు తీరకపోతే

మాటలతో పని జరగనప్పుడు మొదట పత్రం ప్రతులు జతపరచి స్పీడ్ పోస్టు ద్వారా నోటీసు పంపాలి. చాలా తగాదాలు ఇక్కడనే ముగుస్తవి. ఎదుటివారి వద్ద వ్రాత ఉన్నదని తెలిసినప్పుడు వాదన స్వరం మారుతుంది. ఉత్తరప్రదేశ్, అస్సాం రాష్ట్రాలు 2021లోను, తమిళనాడు 2017లోను చేసిన కొత్త చట్టాల క్రింద అద్దె వివాదాల కోసం ప్రత్యేకాధికారులు ఉన్నారు. అటువంటి ఏర్పాటు లేని చోట్ల సివిలు న్యాయస్థానం ఉన్నది. సొమ్ము రాబట్టుకొనే దావాకు కాలపరిమితి మూడు సంవత్సరాలు కావున అనవసరమైన జాప్యం పనికిరాదు.

వ్యాజ్యానికి పూర్వమే లోక్ అదాలత్‌ను ఆశ్రయించే మార్గం కూడా ఉన్నది. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం క్రింద జరిగే ఈ అదాలత్‌లలో న్యాయస్థానపు రుసుము ఉండదు. ఉభయుల అంగీకారంతో వెలువడిన తీర్పుకు అప్పీలు ఉండదు. అదే చట్టం ప్రకారం స్త్రీలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు తదితరులు ఉచిత న్యాయసహాయానికి అర్హులు. ఏ మార్గం ఎంచుకొన్నా అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఇల్లు పుచ్చుకొన్ననాడు ఎట్లా ఉన్నది?

ఇతర దేశాలలో

కొన్ని దేశాలు ఈ ప్రశ్నను వ్యక్తుల జ్ఞాపకశక్తికి విడిచిపెట్టలేదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 1977 చట్టం ద్వారా ఏర్పడిన ప్రభుత్వ మండలి వద్దనే అడ్వాన్సు సొమ్ము జమ అవుతుంది. ఇంటి స్థితి నివేదికను యజమాని పక్షం వ్రాసి ఇస్తే, అద్దెదారు తన అభిప్రాయాలు చేర్చి ఏడు రోజులలో తిరిగి ఇస్తాడు. ఇంగ్లండులో 2007 ఏప్రిల్ నుండి అడ్వాన్సును గుర్తింపు పొందిన రక్షణ పథకంలో చేర్చడం తప్పనిసరి అయింది. ఇప్పుడు అందుకు గడువు ముప్పై రోజులు. ఆ దేశాలకు చదువులకు వెళ్ళే తెలుగు విద్యార్థులు ఇల్లు పుచ్చుకొన్న తొలి వారంలోనే ఈ కాగితాలను చూస్తారు. తొందరలో ‘అంతా బాగున్నది’ అని సంతకం చేసినవారు ఏడాది తరువాత పాత తివాసీ మరకకు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. వ్యవస్థ ఎంత మంచిదైనా, వ్రాసేవాని కన్ను తెరచి ఉండవలసిందే.

ఉభయులకూ రక్ష

అప్పగింత పత్రం అడగడం యజమానిని అనుమానించడమని కొందరు సంకోచిస్తారు. వాస్తవానికి అది అతనికీ రక్షే. జీవితకాలపు పొదుపుతో కట్టిన రెండు గదుల వాటాను అద్దెకిచ్చి, ఆ అద్దెతోనే మందులు కొనుక్కొనే విశ్రాంత ఉద్యోగులు, ఒంటరి వృద్ధులు ప్రతి పట్టణంలోను ఉన్నారు. పగిలిన తొట్టి, విరిగిన తలుపు విలువను వారు అడ్వాన్సు నుండి న్యాయంగా రాబట్టుకోవాలన్నా ఆధారం అదే కాగితం. మంచి యజమానికీ, మంచి అద్దెదారుకూ అది ఏ హానీ చేయదు.

ఒక ఊరివారు మరొక ఊరిలో, ఒక భాషవారు మరొక భాషవారి ఇంటిలో కాపురం పెట్టడం ఈ దేశంలో నిత్యం జరిగే విషయం. పండుగనాడు పిండివంటలు ఇచ్చిపుచ్చుకొని, పిల్లలు ఒకరి భాష ఒకరు నేర్చుకొని, కొన్నేళ్ళు ఒకే చూరు క్రింద గడిపిన రెండు కుటుంబాలు చివరిరోజున ఒక గోడ మరక దగ్గర ముఖాలు చాటుచేసుకొని విడిపోవడం దుఃఖకరం. ఆ మరక ఎప్పటిదో తెలిపే రెండు పుటల కాగితానికి పట్టేది ఒక పూట శ్రమ. తొలిరోజున ఆ పూట వెచ్చించినవారు చివరిరోజున లెక్క చూసుకొని, అడ్వాన్సు అందుకొని, మళ్ళీ వచ్చినప్పుడు ఇంటికి రమ్మన్న పిలుపునూ అందుకొని వెళ్ళగలుగుతారు.